టెర్మినల్లో ఫుల్ సిగ్నల్, అయినా నెట్ రాదు. ఆగి ఉన్న విమానంలో అయితే అసలు సిగ్నలే ఉండదు. ఎందుకిలా?

కిటికీసీటు:
చాలా రోజులుగా అడగాలనుకుంటున్నాను. ఎయిర్‌పోర్టు లోపల ఫోన్‌లో గీతలన్నీ నిండుగా ఉంటాయి, పక్కన 5జీ అని కూడా ఉంటుంది, తీరా బోర్డింగ్ పాస్ తెరుద్దామంటే చక్రం గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. కాల్ చేస్తే అవతలివాళ్లకి సగం మాటలే వినిపిస్తాయి. సరే, జనం ఎక్కువ కాబట్టి అనుకుందాం. కానీ విమానం ఎక్కి కూర్చున్నాక, అది ఇంకా గేటు దగ్గరే ఉంది, తలుపు కూడా వేయలేదు, కిటికీలోంచి టెర్మినల్ అద్దాలు ఎదురుగా కనబడుతున్నాయి, అయినా ఒక్క గీతే. దిగేటప్పుడు ఇంకా ఘోరం. ఫ్లైట్ మోడ్ తీసేసినా నెట్‌వర్క్ వెతుకుతూ అలాగే ఉండిపోతుంది, తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లేమో బయట ఫోన్ చేసి చేసి విసిగిపోతారు. మనుషులే లేని హైవే మీద వచ్చే సిగ్నల్ ఇంత డబ్బు పోసి కట్టిన చోట ఎందుకు రాదు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

అనుమానంపక్షి:
ఇందులో రహస్యం ఏముందండీ, విమానంలో జామర్ పెడతారు. వాళ్ల వైఫై అమ్ముకోవాలి కదా మరి.

గేటు_మారింది:
విమానంలో సంగతి తర్వాత. సామాను బెల్టు దగ్గర సిగ్నల్ వచ్చే ఎయిర్‌పోర్టు ఒక్కటైనా ఉంటే చెప్పండి, అక్కడికే టికెట్ కొంటాను.

ఆంటెన్నయ్య:
జామర్ కాదండీ. ఫోన్లు పనిచేయకుండా ఎవరికి వారు జామర్ పెట్టుకోవడం చాలా దేశాల్లో నేరం. అయినా ఆ అవసరమే లేదు, విమానం ఒళ్లే ఆ పని చేసిపెడుతుంది. దాని గురించి తర్వాత రాస్తాను. పెద్ద భవనాల లోపల నెట్‌వర్క్ వేసే పని నాది కాబట్టి ముందు టెర్మినల్ సంగతి.

అన్ని అద్దాలున్నాయి, అంత వెలుతురు వస్తోంది, సిగ్నల్‌కి ఏమొచ్చింది అని అందరూ అడుగుతారు. అసలు తంటా ఆ అద్దాలతోనే. ఎండ వేడి లోపలికి రాకుండా వాటిమీద కంటికి ఆనని లోహపు పూత వేస్తారు, చాలావాటిలో అది వెండే. లో-ఇ గ్లాస్ అంటారు. అది వెలుతురుని రానిస్తుంది, వేడిని వెనక్కి కొడుతుంది, వేడితో పాటు రేడియో తరంగాలని కూడా వెనక్కి కొడుతుంది. అలాంటి అద్దం దాటేసరికి సిగ్నల్ 20 నుంచి 30 డెసిబెల్స్ పడిపోవడం మాకు రోజూ కనిపించేదే. 30 డెసిబెల్స్ అంటే ఏదో కాస్త తగ్గిందని కాదు, వెయ్యో వంతు మిగిలిందని అర్థం. దీనికి తోడు ఇనుప పైకప్పు, కాంక్రీటు. సామాను బెల్టులు ఎక్కువగా కింది అంతస్తులో, భవనం నడిమధ్యన ఉంటాయి కాబట్టి బయటి టవర్ వాటిదాకా వచ్చే ప్రసక్తే లేదు.

ఆ బయటి టవర్ కూడా దగ్గరలో ఉండదు. విమానాలు దిగే, ఎగిరే దారిలో ఎంత ఎత్తు దాకా కట్టొచ్చో ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) నియమాలున్నాయి, అనుబంధం 14లో ఉంటాయి. రన్‌వే పక్కన 40 మీటర్ల టవర్ నిలబెడతామంటే ఎవరూ ఒప్పుకోరు. అందుకే టవర్ దూరంగానైనా ఉంటుంది, పొట్టిగానైనా ఉంటుంది.

కాబట్టి సిగ్నల్ లోపలే పుట్టించాలి. ఈసారి వెళ్లినప్పుడు తలెత్తి చూడండి, పైకప్పుకి గుండ్రంగా, తెల్లగా, అరచేతిలో పట్టేంత బిళ్లలు ఉంటాయి. పొగని పసిగట్టే పరికరాలనుకుంటారు చాలామంది. వాటిలో కొన్ని యాంటెన్నాలు. కింద ఎక్కడో తాళం వేసిన గదిలో ఆపరేటర్ల రేడియో పెట్టెలుంటాయి, అక్కడి నుంచి ఫైబర్ మీద సిగ్నల్ తెచ్చి ఈ బిళ్లలన్నిటికీ పంచుతారు. డాస్ అంటాం దీన్ని.

కిటికీసీటు:
ఓహో. మరి డాస్ ఉన్న చోట కూడా ఎందుకు నడవదు?

ఆంటెన్నయ్య:
రెండు కారణాలు. ఒకటి డబ్బు గొడవ. డాస్ ఎవరు వేయాలి, అద్దె ఎవరికి ఎవరు కట్టాలి అనే దగ్గర ఎయిర్‌పోర్టు వాళ్లకీ ఆపరేటర్లకీ ఏళ్ల తరబడి తేలదు. "మా ప్రయాణికులకి సేవ చేసుకుంటున్నారు, అద్దె కట్టండి" అని వీళ్లు, "మీ భవనంలో సిగ్నల్ ఇస్తున్నాం, మేమెందుకు కట్టాలి" అని వాళ్లు. ఒక ఆపరేటర్ ఒప్పుకుంటాడు, ఇంకొకడు ఒప్పుకోడు. అందుకే ఒకే కుర్చీల వరసలో పక్కవాడి ఫోన్‌లో వీడియో నడుస్తుంటే మీ ఫోన్ నోరు మూసుకుని ఉంటుంది. అందరికీ కలిపి ఒకే వ్యవస్థ వేసి ఆపరేటర్లందరినీ అందులోకి ఎక్కించే పద్ధతి ఉంది, న్యూట్రల్ హోస్ట్ అంటారు. అది సవ్యంగా జరిగిన చోట తేడా స్పష్టంగా తెలుస్తుంది. జరగని చోట ఎవరికి వారే యమునా తీరే.

రెండోది, గీతలు చెప్పేది సిగ్నల్ ఎంత గట్టిగా వినిపిస్తోందో మాత్రమే. మీ వంతు ఎప్పుడొస్తుందో చెప్పవు. ఒక రేడియో పెట్టె సామర్థ్యాన్ని పంచుకునే ప్రాంతాన్ని సెల్ అంటాం. ఒక హాల్ మొత్తాన్ని ఒకటో రెండో సెల్స్‌కి కట్టేసి ఉంటే అందులో ఉన్న వందల మందీ ఆ ఒక్క సామర్థ్యాన్నే పంచుకోవాలి. యాంటెన్నాలు ఎన్ని వేలాడదీసినా అన్నీ అదే సెల్ అయితే గీతలు పెరుగుతాయి కానీ వేగం పెరగదు. విమానం ఆలస్యమని ప్రకటన రాగానే అందరూ ఒకేసారి ఫోన్లు తీస్తారు చూడండి, ఫుల్ గీతలు, సున్నా నెట్ కనిపించేది అప్పుడే.

కొత్తసిమ్:
5జీ అని చూపిస్తుంది కదా సార్, దానికి సామర్థ్యం ఎక్కువ అంటారు. మరి ఎయిర్‌పోర్టుల దగ్గర 5జీ ఆపేశారని కూడా చదివాను, ఏది నిజం?

ఆంటెన్నయ్య:
రెండిట్లోనూ కొంత నిజం ఉంది. విమానం నేలకి ఎంత ఎత్తులో ఉందో కొలిచే రేడియో ఆల్టిమీటర్ 4.2 నుంచి 4.4 గిగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది. మంచులో, చీకట్లో దిగేటప్పుడు పైలట్లు దాన్నే నమ్ముకుంటారు. అమెరికాలో 2022 జనవరి 19న 3.7 గిగాహెర్ట్జ్ నుంచి మొదలయ్యే సీ-బ్యాండ్‌లో 5జీ ఆన్ చేశారు (బ్యాండ్ అంటే ఒక సేవకి కేటాయించిన తరంగాల శ్రేణి). రెండిటికీ మధ్య ఖాళీ ఉంది కానీ పాత ఆల్టిమీటర్లలో కొన్నిటికి పక్క బ్యాండ్‌ని గట్టిగా వడకట్టే ఫిల్టర్లు లేవు. అందుకే పెద్ద ఎయిర్‌పోర్టుల చుట్టూ చాలా టవర్లు వెంటనే ఆన్ చేయలేదు, తర్వాత విమానాల్లో ఫిల్టర్లు మార్చుకుంటూ వచ్చారు. భారత్‌లో 2022 నవంబరులో టెలికాం శాఖ కొన్ని ఎయిర్‌పోర్టుల దగ్గర రన్‌వే చివరల నుంచి 2.1 కిలోమీటర్లు, మధ్యగీత నుంచి 910 మీటర్ల లోపు 3.3 నుంచి 3.67 గిగాహెర్ట్జ్ బేస్ స్టేషన్లు, అంటే ఫోన్లతో మాట్లాడే టవర్ పరికరాలు, పెట్టవద్దంది.

ఇప్పుడు మీ ఫోన్ మీద గుర్తు సంగతి. 5జీ అంటే ఒకే బ్యాండ్ కాదు. 700 మెగాహెర్ట్జ్‌లో వచ్చినా 5జీ అనే చూపిస్తుంది. అది దూరం వెళ్తుంది కానీ దాని వెడల్పు తక్కువ, జనం ఎక్కితే మంచి 4జీ కన్నా నెమ్మదిస్తుంది. ఆ గుర్తు చూసి మురిసిపోనక్కర్లేదు.

గేటు_మారింది:
అందుకే నేను ఎయిర్‌పోర్టులో ఫోన్‌ని 4జీకి మార్చేసుకుంటాను. చాలాసార్లు నెట్ వెంటనే కదులుతుంది.

మీనాక్షి_రావు:
నా గొడవ వేరు. మా అమ్మ ఒక్కతే ప్రయాణం చేసింది. సిగ్నల్ లేదు, సరే వైఫై పెట్టుకోమన్నాం. వైఫైలోకి వెళ్లాలంటే ఫోన్ నంబర్ ఇవ్వమంటుంది, నంబర్ ఇస్తే ఓటీపీ పంపిస్తానంటుంది, ఓటీపీ రావాలంటే సిగ్నల్ ఉండాలి! ఆ పద్ధతి పెట్టిన పెద్దమనిషికి దండం. అరవై దాటిన మనిషి ఆ తెర ముందు అలా నిలబడిపోయింది. చివరికి పక్కనున్న ఎవరో అబ్బాయి తన హాట్‌స్పాట్ ఇస్తే మాకు మెసేజ్ పెట్టగలిగింది.

కిటికీసీటు:
మీనాక్షి గారూ, ఈ ఓటీపీ వైఫై బాధ పడనివాళ్లు ఉండరండీ. వేరే దేశం సిమ్ ఉన్నవాళ్ల పరిస్థితి ఇంకా అన్యాయం.

రాంప్_రాజు:
మీనాక్షి గారూ, చాలాచోట్ల సమాచార కౌంటర్‌లో పాస్‌పోర్టో బోర్డింగ్ పాసో చూపిస్తే వైఫై కూపన్ ఇస్తారు, కొన్నిచోట్ల దానికి ఒక యంత్రం కూడా ఉంటుంది. బోర్డు మాత్రం ఎక్కడో మూలన పెడతారు. అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి.

నేను విమానాలు ఆగే చోట, నేల మీద పనిచేస్తాను. కిటికీసీటు గారు అడిగినదాంట్లో నేను రోజూ చూసేది ఒకటుంది. రెక్క కింద నిలబడితే నా ఫోన్‌లో సిగ్నల్ శుభ్రంగా ఉంటుంది. మెట్లెక్కి లోపలికి అడుగు పెట్టి, నడవాలో పది వరసలు వెనక్కి వెళ్తే ఒక్కో గీత ఊడిపోతూ వస్తుంది. తలుపు దగ్గర ఉన్న సిబ్బందికి లైన్ కలుస్తుంది, మధ్య వరసల్లో కూర్చున్నవాళ్లకి కలవదు. ముందూ వెనకా రెండు తలుపులూ తెరిచి ఉంటే చివరి వరసల్లో కూడా కొంత నయం. ఏరోబ్రిడ్జ్ (టెర్మినల్ నుంచి విమానం తలుపు దాకా నడిచే వంతెన) తగిలించి ఉంటే ఆ తలుపు వైపు నుంచి వచ్చేది తక్కువే, బ్రిడ్జ్ కూడా లోహమే కదా.

ఆంటెన్నయ్య:
రాజు గారు చెప్పింది అక్షరాలా నిజం. విమానం ఒళ్లు అల్యూమినియం, రేడియో తరంగం దాన్ని దాటి రాలేదు. కిటికీలూ తలుపులూ తప్ప వేరే దారి లేదు. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 లాంటి కొత్త విమానాలు బరువులో దాదాపు సగం కార్బన్ ఫైబర్ లాంటి మిశ్రమ పదార్థాలతో చేసినవి కాబట్టి వాటిలో సిగ్నల్ బాగుంటుందని కొందరి నమ్మకం. కార్బన్ ఫైబర్ కూడా విద్యుత్తుని ప్రవహింపజేసేదే, పైగా పిడుగు పడితే తట్టుకోవడానికి దాని పైపొరలో లోహపు జాలి వేస్తారు. కాబట్టి ఒరిగేదేమీ లేదు. 787లో కిటికీలు పెద్దవి, దాదాపు 47 సెంటీమీటర్ల ఎత్తు, అది మాత్రం కొంచెం మేలు.

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. బయట గోడలు దాటడానికి 700 మెగాహెర్ట్జ్ లాంటి కింది బ్యాండ్లే మొనగాళ్లు. కానీ వాటి తరంగం పొడవు 43 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. మామూలు విమానం కిటికీ అంతకన్నా చిన్నది. తరంగం కన్నా చిన్న కంతలోంచి అది సరిగా దూరలేదు. 1800 మెగాహెర్ట్జ్ తరంగం 17 సెంటీమీటర్లు, అది కిటికీలోంచి హాయిగా వస్తుంది. అంటే ఇంటి లోపల మీకు దిక్కైన బ్యాండ్ విమానంలో ఎక్కువ తంటాలు పడుతుంది.

ఇంకా, లోపలికి రావడం ఒక ఎత్తు, మీ ఫోన్ మాట బయటికి వెళ్లడం ఇంకో ఎత్తు. టవర్ పదుల వాట్లతో అరుస్తుంది. 4జీలో ఫోన్ పెట్టగలిగింది మామూలుగా 200 మిల్లీవాట్లు. అందుకే టవర్ మీకు వినిపిస్తుంది, గీత కనిపిస్తుంది, మీరు పలికింది మాత్రం దానికి వినిపించదు. ఫోన్ తన పూర్తి బలంతో అరుస్తూనే ఉంటుంది, బ్యాటరీ కరిగిపోతుంది, చెయ్యి వేస్తే వెచ్చగా తగులుతుంది.

కిటికీసీటు:
దీన్ని కొలిచి చూసుకునే దారి ఉందా? గీతలు నమ్మొద్దన్నారు కదా.

ఆంటెన్నయ్య:
ఉంది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లో డీబీఎం అని, సిగ్నల్ బలాన్ని చెప్పే ఒక అంకె ఉంటుంది, కొన్ని ఫోన్లలో వేరే చోట దాస్తారు. ఐఫోన్‌లో \*3001#12345#\* కొట్టి కాల్ చేయండి. 4జీలో మైనస్ 80 ఉంటే చాలా బాగున్నట్టు, మైనస్ 110 కన్నా కిందికి పడితే కాల్ కష్టం, మైనస్ 120 అంటే ఆశ వదులుకోవచ్చు. మొన్న ఆగి ఉన్న విమానంలో చూశాను, ఫోన్ కిటికీకి ఆనించి పెడితే మైనస్ 97, అదే ఫోన్ నడవా పక్క సీటులో నా ఒళ్లో పెట్టుకుంటే మైనస్ 112. మధ్యలో ఉన్నది రెండు సీట్లే.

గేటు_మారింది:
నేను ఎప్పుడూ నడవా సీటే తీసుకుంటాను. ఇన్నాళ్లూ ఆపరేటర్‌ని తిట్టుకున్నాను.

అనుమానంపక్షి:
జామర్ లేదన్నారు బాగానే ఉంది, మరి గాల్లో కొన్ని విమానాల్లో ఫోన్ పనిచేస్తుంది కదా, అక్కడ కింది టవర్లు ఎందుకు తగలవు?

ఆంటెన్నయ్య:
మంచి ప్రశ్నే వేశారు, మీకు కాస్త సంతోషం కలిగించే జవాబు కూడా ఉంది. విమానంలోనే చిన్న బేస్ స్టేషన్ పెట్టి ఉపగ్రహం ద్వారా కలిపే పద్ధతి ఒకటుంది. ఎమిరేట్స్ 2008 మార్చిలో, విమానాల్లో మొబైల్ సేవ ఇచ్చే ఏరోమొబైల్ వాళ్లతో కలిసి మొదలుపెట్టింది ఇదే. వాటిలో చాలావాటికి ఒక అదనపు పెట్టె ఉంటుంది, కేబిన్‌లో సన్నటి రొద పుట్టించి ఫోన్‌కి కింది టవర్లు వినిపించకుండా చేస్తుంది. మీరు జామర్ అంటున్నదానికి దగ్గరగా ఉండేది అదొక్కటే. కానీ ఈ వ్యవస్థంతా 3,000 మీటర్ల ఎత్తు దాటాకే ఆన్ అవుతుంది. నేల మీద ఆగి ఉన్నప్పుడు ఆపేసి ఉంటుంది.

అనుమానంపక్షి:
చూశారా! దగ్గరగా ఉండేది ఒకటుందని మీరే ఒప్పుకున్నారు. ఇది చాలు నాకు 😄

గేటు_మారింది:
ఆ గాల్లో నెట్‌వర్క్ గురించి ఒక హెచ్చరిక. ఫ్లైట్ మోడ్ పెట్టకుండా నిద్రపోతే ఫోన్ దానికి తగులుకుని వెనకాల అప్‌డేట్లు లాగేస్తుంది. మామూలు రోమింగ్ ప్యాక్‌లు చాలావాటిలో అది ఉండదు. బిల్లు చూసి లబోదిబోమన్నవాళ్లు నాకు తెలుసు.

కొత్తసిమ్:
నేల మీద ఉండగా ఫోన్ వాడొచ్చా అసలు? ఒక్కో విమానంలో ఒక్కోలా చెప్తారు.

రాంప్_రాజు:
తలుపులు తెరిచి ఉండి సిబ్బంది అభ్యంతరం చెప్పనంతవరకు మామూలుగా వాడొచ్చు. ఎక్కే, దిగే దారిలో నేల మీద నడిచేటప్పుడు మాత్రం ఫోన్ జేబులో పెట్టమంటాం, దానికి కారణం సిగ్నల్ కాదు. పక్కన ఇంధనం నింపే బండి ఉంటుంది, సామాను బళ్లు అడ్డంగా వస్తుంటాయి, తల వంచుకుని నడిచేవాళ్లకి అవేవీ కనబడవు.

ఆంటెన్నయ్య:
రూల్ చూసినా అంతే. అమెరికాలో టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1991లో నిషేధం పెట్టింది గాల్లో ఉన్న విమానం గురించి. అది కూడా ప్రధానంగా కింది నెట్‌వర్క్‌ల కోసం, పైనుంచి ఒక్క ఫోన్ ఒకేసారి ఎన్నో టవర్లకి వినిపించి గందరగోళం చేస్తుందని. చక్రాలు నేల మీద ఉన్నప్పుడు ఆ నిషేధం వర్తించదు, ఆ తర్వాత విమాన సంస్థ మాటే చెల్లుతుంది.

కిటికీసీటు:
దిగాక ఫోన్ అంతసేపు వెతుక్కోవడం గురించి ఎవరూ చెప్పలేదు.

ఆంటెన్నయ్య:
ఫోన్ ముందు తను చివరిసారి ఉన్న నెట్‌వర్క్‌నే వెతుకుతుంది. అది ఇక్కడ లేదని తేలాక తనకి తెలిసిన బ్యాండ్లన్నీ ఒక్కొక్కటే జల్లెడ పడుతుంది. వేరే దేశంలో దిగితే, దొరికిన నెట్‌వర్క్ మీ సొంత ఆపరేటర్‌ని "ఈ మనిషి మీవాడేనా, రానివ్వమంటారా" అని అడిగి జవాబు తెచ్చుకోవాలి. ఇదంతా ఒక్కరికి జరిగితే క్షణాల పని. 180 మంది ఒకే నిమిషంలో ఫ్లైట్ మోడ్ తీసేస్తే అందరూ ఒకే తలుపులోంచి తోసుకుంటూ దూరినట్టే, కొందరు వెనక్కి తగ్గి మళ్లీ ప్రయత్నించాల్సి వస్తుంది. అదీ ఆ లోహపు గొట్టంలోంచి, బలహీనమైన సిగ్నల్ మీద. ఒకసారి "సేవ లేదు" అని తేలితే కొన్ని ఫోన్లు బ్యాటరీ కోసం వెతకడం కూడా నెమ్మదిస్తాయి. అందుకే తలుపు దగ్గరికి వచ్చాక ఫ్లైట్ మోడ్ మళ్లీ పెట్టి తీస్తే చటుక్కున తగులుతుంది.

మీనాక్షి_రావు:
వైఫై కాలింగ్ ఉంటే ఈ బాధలన్నీ తప్పుతాయా?

ఆంటెన్నయ్య:
చాలావరకు. టెర్మినల్ వైఫైలోకి ఒకసారి వెళ్లగలిగితే మామూలు నంబర్ మీదే కాల్స్ వస్తాయి, చాలా ఆపరేటర్లలో ఓటీపీ మెసేజ్‌లు కూడా. అయితే అది యూడీపీ 500, 4500 పోర్టుల మీద, అంటే నెట్‌వర్క్‌లోని రెండు ప్రత్యేక ద్వారాల గుండా నడుస్తుంది, కొన్ని ఉచిత వైఫైలు వాటిని మూసేస్తాయి. అప్పుడు వాట్సాప్ నడుస్తుంది, వైఫై కాలింగ్ నడవదు. ఇంట్లో ఉండగానే సెట్టింగ్స్‌లో ఆన్ చేసి పెట్టండి, కొన్ని నెట్‌వర్క్‌లలో మొదటిసారి ఆన్ చేయడానికే మామూలు సిగ్నల్ కావాలి.

గేటు_మారింది:
బోర్డింగ్ పాస్ స్క్రీన్‌షాట్, క్యాబ్ బుకింగ్ నంబర్, హోటల్ అడ్రస్, ఇవన్నీ ముందే ఫోన్‌లో దాచుకోండి. ఈసిమ్ కొంటే ఇంట్లోనే ఇన్‌స్టాల్ చేసుకోండి, దిగాక ఆన్ చేస్తే చాలు. దిగాక డౌన్‌లోడ్ చేద్దాంలే అనుకున్నవాళ్లు మళ్లీ ఆ ఓటీపీ వైఫై దగ్గరే తేలుతారు. రెండు సిమ్‌లుంటే రెండూ వేర్వేరు ఆపరేటర్లవి పెట్టుకోండి.

కొత్తసిమ్:
గూగుల్ మ్యాప్ కూడా ఆఫ్‌లైన్‌లో పెట్టుకోవచ్చు కదా?

గేటు_మారింది:
పెట్టుకోండి, కానీ టెర్మినల్ లోపల జీపీఎస్ కూడా సరిగా అందదు. బయట రోడ్డు మీదికి వచ్చాకే దాని ఉపయోగం.

కిటికీసీటు:
వచ్చే వారం ప్రయాణం ఉంది. డీబీఎం అంకెలు గేటు దగ్గర, ఏరోబ్రిడ్జ్‌లో, సీటులో చూసి ఇక్కడ పెడతాను. ఆంటెన్నయ్య గారూ, రెండు సిమ్‌లవీ రాసుకుంటే సరిపోతుందా, ఇంకేమైనా చూడాలా?

ఆంటెన్నయ్య:
ఏ బ్యాండ్ మీద ఉందో కూడా రాసుకోండి, అది లేకపోతే అంకెలు పోల్చలేం. తలుపు వేయకముందు ఒకసారి, వేశాక ఫ్లైట్ మోడ్ పెట్టమనేలోపు ఒకసారి చూడండి. ఫోన్ రెండుసార్లూ ఒకే చోట పెట్టాలి, చేత్తో పట్టుకోకండి, అరచెయ్యి కూడా కొంత సిగ్నల్ మింగేస్తుంది.